ఇంజను చప్పుడులో నేర్చిన ఇంగ్లిషు

ఆ క్లర్కు నా సెలవు కాగితాన్ని బిగ్గరగా చదివిన రోజు గని ఆఫీసు కిటికీ ముందు పదకొండు మంది ఉన్నారు. ఎవరెవరో ఇప్పటికీ చెప్పగలను. నేను ఇంగ్లిషులో రాసిన నాలుగు లైన్లను ఆయన ఒక్కో మాట దగ్గరా ఆగి చదివాడు. అందరూ నవ్వారు. నా బావమరిది కూడా నవ్వాడు. "తెలుగులో రాసుకోవయ్యా, నీకెందుకీ తిప్పలు?" అంటూ క్లర్కు కాగితం నా వైపు నెట్టాడు. తెలుగులో రాస్తే పై ఆఫీసులో చెల్లదని అంతకు ముందు వారమే వెనక్కి ఇచ్చింది కూడా ఆయనే.

అప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్లు. గని లోపల హాలేజీ ఇంజను నడిపేవాణ్ణి. గంట మోగితే తాడు చుట్టి బొగ్గు టబ్బులను పైకి లాగాలి. బొగ్గు దుమ్ముకు ఛాతీ పట్టేసేది. గని పైన సర్ఫేస్ డ్యూటీ చూసుకొమ్మని దవాఖానలో చెప్పారు. గని బయట నాకు దొరకగలిగింది ఆఫీసు పని ఒక్కటే. దానికి ఇంగ్లిషులో మాట్లాడే పరీక్ష ఉండేది.

కోచింగ్‌కు పోతే ఇంటర్ పిల్లల నడుమ కూర్చోవాలి. క్వార్టర్‌లో పుస్తకం తెరిస్తే నా భార్య ఏమీ అనేది కాదు గాని, చూసేది. అందుకని ఇంజను దగ్గరే నేర్చుకున్నాను. అది తిరుగుతుంటే పక్క మనిషి మాట వినబడదు. చీటీ మీద రాసుకున్న వాక్యాలను టోపీ లైటు వెలుగులో చూస్తూ గొంతెత్తి చెప్పేవాణ్ణి. ఎదురుగా ఆ క్లర్కు ఉన్నాడనుకునేవాణ్ణి. మూడేళ్లు అట్లాగే గడిచాయి. విసుగొచ్చిన రోజు ఆ నవ్వులు గుర్తు చేసుకుంటే చాలు, మళ్లీ చీటీ తీసేవాణ్ణి.

పరీక్షలో ముగ్గురు ఆఫీసర్లు. నడుమ ఉన్నాయన మర్యాదగానే నా పని గురించి చెప్పమన్నాడు. మొదటి వాక్యం తప్పు లేకుండా వచ్చింది. ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఎందుకయ్యా అరుస్తున్నావు? ఇక్కడే ఉన్నాంగా."

గొంతు తగ్గించాను. తగ్గించగానే మాట పోయింది. నా ఇంగ్లిషు నా చెవిన పడడం అదే మొదటిసారి. ఎవరితోనో కొట్లాటకు వచ్చిన మనిషి గొంతులా ఉంది. గట్టిగా చెప్తే మిగతాదంతా వస్తుందని తెలుసు, కాని అరవలేకపోయాను. ఆయన జాలిపడి, పోనీ నీ ఇంటి గురించి చెప్పు అన్నాడు. మూడేళ్లలో నేను ఇంటి గురించి ఒక్క వాక్యం నేర్చుకోలేదు. నేర్చుకున్నవన్నీ ఆ క్లర్కుకు చెప్పాల్సిన జవాబులే.

బయట బావమరిది నిలబడి ఉన్నాడు. "నీ ఇంగ్లిషు ఈడిదాక వినబడ్డది బావ. మస్తుగున్నది" అన్నాడు. మెచ్చుకున్నాడో వెక్కిరించాడో నేను అడగలేదు. ఆ పోస్టు వేరేవాళ్లకు పోయింది. నాకు మళ్లీ పిలుపు రాలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడాదే ఆ క్లర్కు రిటైరయ్యాడు. సన్మానానికి నేను పోలేదు. ఆయనకు చెప్పాల్సింది చెప్పకుండానే ఆయన వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆ కిటికీలో కొత్త మనిషి. తెలుగులో రాసినా తీసుకుంటాడు. నేనింకా కిందనే, అదే ఇంజను దగ్గర ఉన్నాను.

పోయిన వారం దగ్గు ఎక్కువై సెలవు అడగాల్సి వచ్చింది. ఇంగ్లిషులోనే రాసి ఇచ్చాను. ఒక్క తప్పు లేదు. అతను చదవకుండానే ముద్ర వేసి, కట్టలో పెట్టేశాడు.