కొండమీది నాన్న చెట్టు

తామను కొండమీద నారింజలు మా తాత తిహోతిని అడగందే పండవు. ఆయన ఒక్కసారి దగ్గితే చాలు, పళ్లన్నీ రాలి వాటంతటవే కావిడికెక్కుతాయి. మా ఊరు పునావియాలో దీన్ని కాదనేది మా నాయనమ్మ రుయితా ఒక్కతే.

"ఈయన దగ్గితే మనింట్లో కోడి కూడా లేవదు," అంటుంది.

ఏటా జూన్‌లో మా మగవాళ్లు ఆ కొండెక్కి, నారింజలు గుత్తులుగా కట్టి, కావిళ్లతో వట్టి కాళ్లతో దిగుతారు. అందరికంటే ముందు తాతే దిగేవాడు.

మాలో బిడ్డ పుడితే, వెంట పడే మాయను పెరట్లో పాతి, దానిమీద మొక్క నాటుతారు. మా నాన్న మనుతాహి పుట్టినప్పుడు తాత కంటికి పెరడు ఆనలేదు. మాయను ఆకులో చుట్టి కొండమీదికి తీసుకెళ్లి పాతి, నారింజ నాటాడు. కొడుకు కొండంతవాడు కావాలట. నా చిన్నప్పుడే నాన్న వానలో కావిడితో దిగుతూ జారి, లోయలో ఏటి పాలయ్యాడు. శవం దొరకలేదు. మా పెరట్లో ఇంటివాళ్లందరి సమాధులూ ఉన్నాయి, ఆయనది తప్ప.

ఇక ఆ చెట్టే నాన్న. తాత ఏటా ఎక్కి, మొదలు చుట్టూ కలుపు తీసి, దానికి ఊరి కబుర్లన్నీ చెప్పి వచ్చేవాడు. ఆ పళ్లు మాత్రం కోసేవాడు కాదు.

"మాయ పెరట్లో పాతుంటే ఇంటికొచ్చేవాడు," అనేది నాయనమ్మ, సీమపనస కాల్చినప్పుడల్లా. తాతకు సరిగ్గా అప్పుడే చెవుడు వచ్చేది.

ఈ ఏడు ఆయన మోకాళ్లు మొరాయించాయి. "నువ్వెళ్లి మీ నాన్నను చూసి రారా. పోయినేడు పైకొమ్మలు ఎండాయి. చిగురేశాడేమో చూడు," అన్నాడు.

వెళ్లాను. చెట్టు నిలువునా ఎండిపోయింది. గోటితో గీకితే బెరడు కింద ఎక్కడా పచ్చదనం లేదు. ఒక కొమ్మ విరుచుకుని దిగాను.

"ఎలా ఉన్నాడు?"

బడి ఎగ్గొట్టడానికి ఎన్ని అబద్ధాలైనా అల్లినవాణ్ని. ఆ పూట ఒక్కటీ దొరకలేదు.

"పోయాడు తాతా."

తాత ఆ కొమ్మను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నాయనమ్మ ఎప్పుడూ అనే మాట అనలేదు. మర్నాడు ఇద్దరూ కలిసి ఆ కొమ్మను పెరట్లో, సమాధుల వరసలో పాతి రాయి నిలబెట్టారు. నాన్న కోసం తాత ఏడవడం మొదటిసారి అప్పుడే చూశాను.

ఇదంతా రాసి ఆయనకు చదివి వినిపించాను.

"మాయను కొండమీద పాతి నేను చేసింది తప్పని ఎక్కడ రాశావు?" అన్నాడు.

"రాయలేదు తాతా, మనసొప్పలేదు."

"నీ మనసెవడడిగాడు? తప్పే. రాయి."