పై వరుసలో ముందు పన్ను

నేను పళ్ల డాక్టర్ని. నా మొదటి ఉద్యోగం ఉట్నూర్ అవతల, అడవి ఊళ్ల మధ్య ఒక చిన్న ఆసుపత్రిలో. అక్కడ పళ్ల కుర్చీ ఉండేది, పన్ను పీకే పట్టకార్లు ఉండేవి. పన్నును తొలిచి బాగుచేసే మిషన్ మాత్రం నేను చేరిన మూడో నెలలోనే ఆగిపోయింది. పై ఆఫీసుకు రెండు ఉత్తరాలు రాశాను. మూడోది రాయలేదు. పీకడం తొందరగా అయిపోయే పని. వచ్చినవాళ్లు కూడా ఎక్కువగా అదే అడిగేవాళ్లు.

పన్ను నొప్పికి ఆసుపత్రికి రావడమంటే అక్కడ ఆఖరి దారి. ముందు లవంగం పెట్టి చూస్తారు, పొగాకు నొక్కి చూస్తారు, మందుల దుకాణంలో గోలీలు కొని మింగుతారు. దవడ వాచి, జొన్న గటక కూడా మింగుడుపడనప్పుడు జీపెక్కుతారు. అప్పటికి నేను చేయగలిగేది నిజంగానే తక్కువ. ఆ మాటను నేను బాగా వాడుకున్నాను. చేయగలిగింది ఉన్నప్పుడు కూడా వాడుకున్నాను.

ఒక శనివారం మధ్యాహ్నం ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె తల్లితో వచ్చింది. పై పెదవి ఉబ్బి ఉంది. చిన్నప్పుడు బడిలో ఖోఖో ఆడుతూ పడిందట. అప్పుడు దెబ్బ తగిలిన ముందు పన్ను ఏళ్ల తరబడి మెల్లగా నల్లబడి, ఇప్పుడు వేరు దగ్గర చీము పట్టింది. పన్ను మాత్రం గట్టిగా ఉంది. కదలడం లేదు.

తల్లికి గోండి తప్ప తెలుగు అంతగా రాదు. నేనన్న ప్రతి మాటా కూతురే ఆమెకు చెబుతోంది. చూడడం అయ్యాక ఆ అమ్మాయి నన్నడిగింది.

"మేడం, తియ్యకుంట బాగయ్యే ఉపాయమేమన్న ఉన్నదా?"

ఉంది. చీము తీసి, మందులిచ్చి, వాపు తగ్గాక రూట్ కెనాల్ చేస్తే ఆ పన్ను ఎన్నో ఏళ్లు నిలిచేది. అక్కడ కుదరదు కానీ కరీంనగర్‌లో కుదురుతుంది. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? ప్రతి ఆదివారం కరీంనగర్‌లో మా సీనియర్ క్లినిక్‌లో నేను చేసేది అదే పని. కాని బయట ఇంకా ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. జన్నారం మీదుగా పోయే నా బస్సుకు గంట కూడా లేదు. కరీంనగర్ ఇంట్లో మా అమ్మీ ఎదురుచూస్తుంటుంది. ఇదంతా చెప్పాలంటే, ఆ పిల్ల తల్లికి మళ్లీ చెప్పాలంటే, వాళ్లు ఎన్నిసార్లు రావాలని అడిగితే జవాబు చెప్పాలంటే చాలా సేపు పడుతుంది. ఎలాగూ వీళ్లు అంతదూరం రాలేరు కదా అని వాళ్ల తరఫున నేనే నిర్ణయించేశాను.

"లేదమ్మా, తియ్యాల్సిందే" అన్నాను.

ఆమె తల్లితో ఏదో చెప్పింది. తల్లి నా వైపు చూసి తల ఊపింది. మత్తుసూది వేసి పన్ను తీశాను. గట్టి పన్ను కాబట్టి మామూలుకన్నా బలం పెట్టాల్సి వచ్చింది. ఆ అమ్మాయి ఏడవలేదు. దూది కరిచిపట్టి నాకు దండం పెట్టి వెళ్లింది. నాకు బస్సు దొరికింది.

తర్వాత ఆ ఉద్యోగం వదిలేసి కరీంనగర్‌లో సొంత క్లినిక్ పెట్టుకున్నాను. ఆ అమ్మాయిని మరిచిపోయానని చెప్పను కానీ, రోజూ తలుచుకున్నానని కూడా చెప్పలేను. ఎప్పుడైనా ఎవరి ముందు పన్నుకైనా రూట్ కెనాల్ చేస్తున్నప్పుడు ఆ ఉబ్బిన పెదవి గుర్తొచ్చేది. పని అయ్యేసరికి పోయేది.

పోయిన ఏడాది నస్పూర్‌లో ఒక బడివాళ్లు పిల్లల పళ్లు చూడమని పిలిస్తే వెళ్లాను. మూడో తరగతి పిల్లలు వరుసగా వస్తున్నారు. పిప్పి పళ్లు లేని నోరు అరుదు. నేనేదో సరదా మాటంటే ఒక పిల్ల అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత వచ్చినదీ అంతే. ఆ తర్వాతది కూడా.

"నోరెందుకు మూసుకుంటున్నవ్? నీ పళ్లు మంచిగనే ఉన్నయి గదా" అన్నాను.

"మా టీచర్ గిట్లనే నవ్వుతది" అంది ఆ పిల్ల.

తలెత్తి చూశాను. పేర్లు పిలుస్తున్న టీచర్ రిజిస్టర్‌ను గడ్డం దగ్గర పట్టుకుని ఉంది. మాట్లాడినప్పుడల్లా అది పెదవి దాకా లేస్తోంది. ఒకసారి అది పక్కకి జారింది. పై వరుసలో ముందు పన్ను లేదు. పక్క పళ్లు రెండూ ఆ ఖాళీ వైపు ఒరిగి ఉన్నాయి.

భోజనాల బెల్లు కొట్టాక ఆమే నా దగ్గరికి వచ్చింది.

"మీరు నన్ను గుర్తువట్టలే గని, నేను మిమ్ముల పొద్దుగాల్నే గుర్తువట్టిన మేడం. ఆ దినం మీరు పన్ను తియ్యకపోతె ఆ ఏడు నేను పరీచ్చ రాయకపోదును. మా అవ్వ ఇప్పటికీ మీ ముచ్చట చెప్తది."

ఆ మాట నేను భరించలేకపోయాను. తిట్టి ఉంటే బాగుండేది. నిలబడే చెప్పేశాను. ఆ పన్ను నిలిచేదని, కరీంనగర్ వస్తే నేనే చేసి ఉండేదాన్నని, నా బస్సు తప్పిపోతుందనే ఆ సంగతి అప్పుడు చెప్పలేదని.

ఆమె చేతిలోని రిజిస్టర్ కిందికి దించింది. పిల్లలు పళ్లాలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అప్పుడు చెప్పినా మేం కరీంనగర్ దాంక రాకపోతుంటిమి మేడం" అంది. "కని పన్ను నిలుస్తదని, మేమే రాలేకపోతున్నమని మాకు తెలుస్తుండె. ఇన్నొద్దులు ఆ పన్ను ఖరాబయి పోయిందనే అనుకున్న."

క్లినిక్‌కు రమ్మని, ఏం చేయగలనో చూస్తానని అన్నాను. ఇంట్లో అడిగి చెప్తనంది.

దసరా సెలవుల్లో తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. ఈసారి అద్దం చేతికిచ్చి అన్నీ చెప్పాను. పన్ను పోయిన చోట ఎముక అరిగిపోయింది కాబట్టి ఎముకలో మర బిగించి దాని మీద పన్ను నిలబెట్టడం కష్టం. పక్క పళ్లు రెండూ అరగదీసి వాటికి పట్టించి కొత్త పన్ను కడితే బాగుంటుంది. లేదంటే తీసి పెట్టుకునే పన్ను.

"ఉన్న మంచి పళ్లు అరగదియ్యొద్దు మేడం. తీసి పెట్టుకునేదే చెయ్యుండ్రి" అంది వెంటనే. కొలతలు తీసుకున్నాను.

లేవబోతూ తల్లి తన దవడ చూపించింది. దంతం ఒకటి లోతుగా పిప్పి పట్టింది. పన్ను వేర్లు బాగున్నాయి, కాపాడవచ్చు. కూతురి ద్వారా నెమ్మదిగా అంతా చెప్పాను. మూడు సార్లు రావాలని, ఫీజు తీసుకోనని, పన్ను నిలుస్తుందని. ఆవిడ విని నవ్వి ఏదో అంది.

"గంత దూరం మూడుసార్ల బస్సెక్కుడు నాతోటి కాదు, మా దిక్కు చేసేటోళ్లు లేరు, పీకుమను అంటున్నది" అంది కూతురు.

మరోసారి చెప్పి చూశాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, నోరు తెరిచి కుర్చీలో వెనక్కి వాలింది. పట్టకారు తీసుకున్నాను. ఈసారి అన్నీ చెప్పాకే పీకాను. అయినా ఆ పన్ను పళ్లెంలో పడ్డప్పుడు కూతురి ముఖం వైపు చూడలేకపోయాను.