టికియాపారా పసుపు కోసం నాన్న సైకిలెక్కాను

"మగదిక్కు లేని ఇల్లు" అన్న ఒక్క మాట విని ఒళ్లు మండి మొదలుపెట్టిన ప్రయాణం ఇది. కలకత్తాలోని ఖిదిర్‌పూర్‌లో మా సందంతా ఓడరేవు డాకు పనికి శ్రీకాకుళం నుంచి వచ్చిన వాళ్ల ఇళ్లే. ఏటా అమ్మవారి పండగ చేసుకుంటాం. మా తాతల కాలంలో మనవాళ్లు మొదట గంగ అవతల టికియాపారాలో రైల్వే పనికి దిగి, ఆ తర్వాత డాకుకి వచ్చారు. అందుకని టికియాపారాయే మా అమ్మవారి పుట్టిల్లు. పండగనాడు పొద్దున్నే ఇంటికో సైకిలు గంగ దాటి వెళ్లి పుట్టింటి పసుపు తేవాలి. తెచ్చిన ఇంటి గుమ్మం ముందే సాయంత్రం ఊరేగింపుగా వచ్చే అమ్మవారి ఘటం ఆగుతుంది. తేని ఇంటిని దాటుకుని వెళ్లిపోతుంది.

మా ఇంటి పసుపు ఎప్పుడూ మా నాన్న సన్నాసే తెచ్చేవాడు. పోయిన వానాకాలంలో పక్షవాతం వచ్చి ఆయన కుడికాలు చచ్చుబడింది. నాకు అన్నదమ్ముల్లేరు. పండగ పెద్ద అప్పలస్వామి మాఁవ ఇంటికొచ్చి నాతో, "మగదిక్కు లేనిల్లు గదేటి పైడీ, ఈ యేడు మా గుమ్మంలో నిలబడి దణ్ణమెట్టుకోండి" అన్నాడు. నాన్న పక్కనే మంచం మీద కూర్చుని వింటున్నాడు. మనిషి కళ్లెదుట ఉండగానే దిక్కు లేదట!

"మా పసుపు నానే తెత్తాను మాఁవా" అన్నాను.

"నీకు సైకిలొచ్చేటి?"

"రాదు. నేర్సుకుంతాను."

ముప్పై ఆరేళ్ల వయసులో, షిప్పింగ్ ఆఫీసులో టైపు కొట్టుకునే దాన్ని, నాన్న రాడ్డు సైకిలు బయటికి తీశాను. సీటు మీద కూర్చుంటే కాలి వేళ్లు మాత్రమే నేలకి తగులుతాయి. నాన్న మొదట ముఖం తిప్పుకున్నాడు. నేను రెండుసార్లు పడ్డాక ఉండబట్టలేక కర్ర పట్టుకుని సందు చివరికి వచ్చి నిలబడ్డాడు. "సక్రం కేసి సూడకు. ఎల్లాల్సిన కాడికి సూడు" అని అరుస్తూనే ఉండేవాడు. డాకు గోడ వెంట ఆదివారాలు ఖాళీగా ఉండే రోడ్డు మీద నేర్చుకున్నాను. అసలు రోడ్డు, అంటే లారీలూ బస్సులూ తిరిగే రోడ్డు, ఎక్కింది మాత్రం పండగనాడే.

తెల్లారి ఆరింటికి బయల్దేరాం. పది సైకిళ్లు, ముందు అప్పలస్వామి మాఁవది. ట్రాం డిపో దగ్గర మలుపులో మొదటి దెబ్బ తగిలింది. వెనక బస్సు హారను కొడుతుంటే పక్కకి తప్పుకుందామని ట్రాం పట్టా వెంబడే జరిగాను. ముందు చక్రం పట్టా సందులో దిగిపోయింది. నేనొక పక్క, సైకిలొక పక్క. మోకాలి దగ్గర సల్వారు చిరిగి రక్తం కారింది. ఎదురుగా వస్తున్న ట్రాం గంట కొడుతూ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "దిదీ, లైనేర్ పాశే పాశే నోయ్! శోజా పార్ హోన్!" అన్నాడు. పట్టా పక్కపక్కనే పోకూడదు, తిన్నగా అడ్డం కోసుకుని దాటాలని. అప్పలస్వామి మాఁవ వెనక్కి తిరిగి చూసి, "సెప్పేనా? ఇంటికెల్లిపో అమ్మీ" అన్నాడు. నేను లేచేసరికి తొమ్మిది సైకిళ్లూ కనుమరుగయ్యాయి.

ఏడుపొచ్చింది, నిజమే. ఏడుస్తూనే తొక్కాను.

గార్డెన్ రీచ్ రోడ్డులో కంటైనరు లారీలు ఉదయం ఎనిమిది దాటాక ముసురుకుంటాయి. అందుకే త్వరగా బయల్దేరడం మంచిది. మెటియాబ్రూజ్ రేవు చేరేసరికి మావాళ్ల లాంచి నది మధ్యలో ఉంది. తర్వాతి దానికి టికెట్ తీసుకున్నాను. మనిషికి నాలుగు రూపాయలు, సైకిలుకి ఇంకో రెండు. లాంచి వాడు నా మోకాలు చూసి సైకిలు తనే ఎక్కించి, "కోథాయ్ జాబేన్ దిదీ?" అని అడిగాడు. టికియాపారా అన్నాను. "సైకిలేనా? బస్సుంది కదా!" అని హిందీలో అంటూ నవ్వాడు. బస్సుకి పసుపు ఇవ్వరు దాదా అన్నాను. వాడికి అర్థం కాలేదు, నేనూ విప్పి చెప్పే ఓపికలో లేను.

అవతల ఒడ్డున బొటానికల్ గార్డెన్ గోడ వెంట చెట్ల నీడ. రోడ్డు నున్నగా ఉంది. కొత్తవాళ్లు సైకిలు తొక్కడానికి ఈ ముక్కంత హాయి ఈ ఊళ్లో ఇంకెక్కడా లేదు. శిబ్‌పూర్‌లో ఒక కొట్టు దగ్గర ఆగి టీ తాగి, దారి అడిగి షాలిమార్ వైపు తిరిగాను. అక్కడ రైలు గేటు పడి ఉంది. గూడ్సు బండి ఎంతకీ కదలదు. గేటు ముందు చెమటలు తుడుచుకుంటూ మా తొమ్మండుగురూ నిలబడి ఉన్నారు! ముందెళ్లినోడూ వెనకొచ్చినోడూ గేటు కాడ ఒకటేనని నాన్న అనే మాట గుర్తొచ్చి నవ్వాగలేదు.

"మోకాలెలాగుంది?" అన్నాడు అప్పలస్వామి మాఁవ.

"మోకాలు నాది మాఁవా, నాను సూసుకుంతాను."

టికియాపారా క్వార్టర్ల వెనక రేకుల గుడి. అక్కడ పసుపు కట్టేది నీలమ్మ మామ్మ. పళ్లు లేవు గానీ గొంతు కంచు. ఒక్కో సైకిలు దగ్గరికొచ్చి, "ఎవులింటి బండి?" అని అడిగి, హ్యాండిలుకి గుడ్డలో పసుపు ముడి కడుతుంది. నా దగ్గరికొచ్చింది.

"సన్నాసి ఇంటిది మామ్మా. కూతురొచ్చింది, మగోలెవులూ లేరని..." అని అప్పలస్వామి మాఁవ అందుకున్నాడు.

"నానడిగింది బండి గురించి. బండొచ్చింది కదా, నీకేటి నొప్పి?" అని ముడి బిగించింది. తర్వాత అందరికీ చెప్పిన మాటే నాకూ చెప్పింది. "దార్లో బండి పడితే పసుపు మళ్లీ పుట్టింటికే. ఈ యేడు ఘటం ఆ గుమ్మంలో ఆగదు, తెలిసిందా?"

తెలిసింది. తిరుగు దారంతా ఆ పసుపు ముడినే చూస్తూ తొక్కాను. నాన్న చెప్పింది గాలికి పోయింది. లాంచి దిగి, లారీలు తప్పించుకుని, ఎండ నెత్తికెక్కే వేళకి మళ్లీ ఆ ట్రాం పట్టాల దగ్గరికే వచ్చాను. మావాళ్లు అప్పటికే దాటి అవతల నిలబడి చూస్తున్నారు. "దిగమ్మీ! దిగి నడిపించుకురా!" అని అప్పలస్వామి మాఁవ కేకేశాడు.

దిగొచ్చు. దిగకూడదని ఎవరూ అనలేదు. కానీ దిగితే, సన్నాసి కూతురు నడిపించుకొచ్చిందని నా జుట్టు నెరిసేదాకా చెప్పుకుంటారు. పడితే నాన్న గుమ్మం ముందు నుంచి ఘటం వెళ్లిపోతుంది, అదీ తెలుసు. హ్యాండిలు పూర్తిగా తిప్పి, పట్టాకి తిన్నగా ఎదురు నిలిచి, అవతల ఉన్న మాఁవ ముఖం కేసి చూస్తూ తొక్కాను. రెండు చిన్న కుదుపులు, మళ్లీ రెండు. అంతే, దాటేశాను. ఆయన పక్కనుంచి పోతూ బెల్లు కొట్టాను. కావాలనే కొట్టాను.

సాయంత్రం డప్పులతో ఘటం వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. ఘటం ఎత్తుకున్న మనిషి కాళ్లకి ఇంటి మగవాడు నీళ్లు పోయాలి. అప్పలస్వామి మాఁవ చెంబు నాన్నకి అందిస్తూ, "కూకునే పొయ్యి సన్నాసీ" అన్నాడు. నాన్న చెంబు అందుకోలేదు. కర్ర ఊతంతో గుమ్మంలో నిలబడి, "నానెందుకు పోత్తాను? బండి తొక్కినోలు పోత్తారు" అన్నాడు. డప్పులు ఆగిపోయాయి. మాఁవ చెంబు నా చేతికిచ్చాడు.

సైకిలు తొక్కడం గొప్ప విద్యేం కాదని ఇప్పుడు తెలుస్తోంది. నాలుగు ఆదివారాల పని. దాన్ని అంత పెద్ద గోడలా ఇన్నేళ్లు నా ముందు నిలబెట్టింది ఎవరు, నేనెందుకు నమ్మాను అని మాత్రం కోపంగా ఉంది. ఆ కోపం తగ్గాలని కూడా నాకు లేదు. ఈ మధ్య మా సందులో ఇద్దరు ఆడవాళ్లు నాన్న సైకిలు అడిగి తీసుకెళ్తున్నారు. నాన్న కర్ర పట్టుకుని వాళ్ల వెనక కూడా అరుస్తున్నాడు.

కలకత్తా రోడ్ల మీద మొదటిసారి తొక్కేవాళ్లకి ఒకటే చెబుతాను. ట్రాం పట్టా పక్కనుంచి ఒదిగి పోదామని చూడకండి, చక్రాన్ని పట్టేసుకుంటుంది. హ్యాండిలు తిప్పి, దానికి ఎదురు నిలిచి, తిన్నగా దాటండి.