గంటె విడువని సంజీవ సారు

మా సంజీవ సారుకు గంటె కనిపిస్తే చాలు, చెయ్యి ఊరుకోదు. ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు, మూడేళ్ల కింద అంటుకుంది. మనిషి లెక్కల పంతులు, మనసంతా వడ్డనలోనే. పంక్తిలో ఊరంతా కూర్చున్నా తను కూర్చోడు. ఎవరి చేతిలో గంటె ఉంటే వాళ్ల దగ్గర గుంజుకుని, "జర ఏస్త, మొఖమాట పడకు" అంటూ విస్తరిలో గుట్ట పోస్తాడు. వద్దని చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి పోస్తాడు.

ఒకసారి రేగొండలో పెళ్లికి వెళ్లాం. సారు పెళ్లికొడుకు తరఫు చుట్టం. కాసేపటికి చూస్తే భుజాన తువ్వాల, చేతిలో పచ్చిపులుసు బకెట్. పిల్ల మేనమామ, "ఏయ్, అటు దిక్కు పెరుగు రాలే, ఉరుకు!" అని గదమాయిస్తే సారు నిజంగానే ఉరికాడు. రంజాన్ పండుగకు మా ఇంటికి పిలిస్తే, మా ఆయన దగ్గర గంటె గుంజుకుని మా చుట్టాలకు మా బిర్యానీ వడ్డించాడు. మా మేనత్త నా చెవిలో, "హమీదా, ఈ బావర్చీ ఎక్కడ దొరికిండే? మంచోని లెక్కున్నడు" అన్నది.

ఇక బడిలోనైతే చెప్పనక్కర్లేదు. తొర్రూరు పక్కన మాది చిన్న బడి, ఎనభై మంది పిల్లలు. మధ్యాహ్న భోజనం వండే వెంకటనర్సమ్మ అన్నం గిన్నె దించిందో లేదో, సారు ప్రత్యక్షం. "నువ్వు పో అవ్వా, అటు కూసో" అని ఆమెను కసిరి, పిల్లలందరికీ తనే వడ్డించి, చివరికి అడుగున మిగిలిందేదో తాను తినేవాడు. మేమంతా నవ్వుకునేవాళ్లం. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

ఈ వేసవితో వంట మానేస్తానన్నది వెంకటనర్సమ్మ. మనుమరాలు సుష్మితకు నర్సు కొలువు వచ్చిందట. ఇన్నేళ్లు అందరికీ పెట్టిన మనిషిని ఒక్కపూటైనా మా నడుమ కూర్చోబెట్టి తినిపించాలని మా పంతం. కుర్ర టీచర్ ఆమెర్ జనగామలో కొత్తగా పెట్టిన ఇటలీ హోటల్ పేరు చెప్పాడు. "పెద్ద పెద్ద గిన్నెలల్ల తెచ్చి నడుమ పెడుతరు మేడం. ఇంట్ల లెక్క పంచుకొని తినుడే."

ఆ మాటకే నేను భయపడి ఉండాల్సింది.

అందరం ఆ హోటల్లో కూర్చున్నాం, గిన్నె వచ్చింది. తెల్లటి చిక్కటి సాసులో గొట్టాల్లాంటి పాస్తా, పైన చీజు. దాంతోపాటు ఇంత పొడుగు గంటె! సారు లేచాడు. మా తొమ్మిది మందికీ వడ్డించి, పక్క టేబుల్ వాళ్ల గిన్నె కూడా అందుకున్నాడు. "జర ఏస్త, మొఖమాట పడకుండ్రి." వాళ్లు పాపం, ఇటలీ పద్ధతే ఇదనుకుని ప్లేట్లు చాపారు.

ఇటు వెంకటనర్సమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "సారు నిలవడి ఏస్తుంటె నేను కూసోని ఎట్ల తింట? బుక్క దిగది. బయట కూసుంట, మీరు తినుండ్రి."

మా పంతం గంగలో కలిసేట్టుంది. నాకు ఒళ్లు మండింది.

"సారూ! ఆమె కోసమన్న కూసోరాదుండ్రి!"

"అయిపాయె టీచర్, ఇంకొక్క గంటె."

"అది నాకియ్యి సారూ" అంటూ వెంకటనర్సమ్మ అలవాటుగా కుడిచేత్తో గంటె లాక్కుని గిన్నెలో ముంచింది. ఎత్తబోతే చెయ్యి గిన్నె అంచు దాకా వచ్చి ఆగిపోయింది. గంటె ఒరిగి, పాస్తా అంతా టేబుల్ మీద పడింది. సారు గబుక్కున ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఏమైందవ్వా?" అన్నాను.

"మూడేండ్ల కింద జారిపడ్డ బిడ్డా. గప్పటి సంది గీ చెయ్యి పైకి లేస్తలేదు. ఎడమచేత్తోని వంట ఎట్లనో నెట్టుకొచ్చిన, వడ్డించుడు చాతగాలె. తెలిస్తే వేరేటోళ్లను పెట్టుకుంటరు, మా సుష్మిత సదువు ఆగిపోతదని భయపడ్డ. సారు ఒక్కనికే చెప్పిన. బడిల ఒక్కకాడ్నే గంటె పట్టుకుంటె అందరికి అనుమానమొస్తదని పెండ్లిళ్లల్ల గూడ పట్టుకున్నడు."

మూడేళ్లు నవ్విన దాన్ని, ఒక్కరోజైనా ఆమె చేతి వైపు చూడలేదు. నాకు సిగ్గేసింది.

"మరి ఇప్పుడు పక్క టేబులోళ్లకు ఎందుకేసినవ్ సారూ?" అన్నాడు ఆమెర్.

సారు తల గోక్కున్నాడు. "అలవాటయింది తమ్మీ, ఆగుతలేదు."

రెండు భుజాలూ నొక్కి ఆయన్ను కుర్చీలో కూలేశాను. ఆయన కూర్చున్నాకే పక్కన వెంకటనర్సమ్మ కూర్చుంది. ఇద్దరికీ నేనే వడ్డించాను. చెమ్చాలు పక్కకు నెట్టి, ఆయన కుడిచేత్తో, ఆమె ఎడమచేత్తో తలెత్తకుండా తిన్నారు. సారు ప్లేటు రెండోసారి ఖాళీ అయింది, మూడోసారీ అయింది.

వెంకటనర్సమ్మ తినడం ఆపి ఆయన్ను వింతగా చూసింది. "గంత ఆకలైందా సారూ?"

"మూడేండ్ల సంది!" అన్నాడు సారు, నోటి నిండా పాస్తాతో.