గెలలు నలగని లారీ

మా మావయ్య పోయారు. మొన్న సోమవారం పొద్దున్నే, రాజమండ్రి ఆస్పత్రిలో. రావులపాలెం అరటి మార్కెట్లో ఇన్నేళ్ళు వేలంలో ధరలు కేకేసిన మనిషి, గొంతు జబ్బు చేసి చివర్లో మాట లేకుండానే వెళ్ళిపోయారు. ఆ గొంతు మీలో కొందరు కంప్యూటర్లో విని ఉంటారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మార్కెట్ వెనక వీధిలో నాకు ఇంటర్నెట్ సెంటర్ ఉంది. వేలాలు అయ్యాక మావయ్య అక్కడికొచ్చి ఫ్యాను కింద కూర్చునేవారు. తువ్వాల్లో నాకో పండు తెచ్చేవారు. బల్ల మీద పడేసేవారు కాదు, నా అరచేతిలో పెట్టేవారు. ఓ రోజు నేను లారీ నడిపే ఆట ఆడుతున్నాను. అందరిలాగే అడ్డదిడ్డంగా తోలుతుంటే ఆయనకి ఒళ్ళు మండింది.

"ఏంటమ్మాయ్ ఆ తోలడం? మెల్లిగా. వెనకాల గెలలున్నాయి."

"ఇది ఆట మావయ్యా. వెనకాల ఏమీ లేదు."

"లారీ అన్నాక సరుకుండదా? నలిగితే ఎవడు కొంటాడు?"

ఆయన పోరు పడలేక గుంతలు తప్పించుకుంటూ, సడన్ బ్రేకు వేయకుండా లారీని ఊరు చేర్చాను. ఆ తిట్లన్నీ రికార్డు చేసి, కింద ఇంగ్లీషులో అర్థం రాసి సరదాకి నెట్లో పెట్టాను. అలా ఒకటి తర్వాత ఒకటి చేశాం. లారీ ఆగగానే ఆయన అడిగే "గెలలెలా ఉన్నాయి?" అన్న మాట ఎక్కడెక్కడి వాళ్ళకో నచ్చేసింది. వాళ్ళూ మెల్లిగా తోలి వీడియోలు పెట్టారు. మీది చూసే ఆట కొన్నామని చాలామంది రాశారు.

ఇంతలో ఆట తయారుచేసిన కంపెనీ, ఆటలో బొమ్మలు తమవంటూ మా వీడియోలన్నీ తీయించేసింది. నాకు విసుగొచ్చి వదిలేద్దామన్నాను. మావయ్య కుర్చీ నా పక్కకి లాక్కున్నారు.

"వాళ్ళకి రాయి. అయ్యా, మార్కెట్లో కేకేసేవాడు లేకపోతే సరుకు కదలదండి. మీ సరుక్కి మేం ఊరికే కేకేశాం. ఏమీ అడగలేదు. నోరు మూయించడం న్యాయం కాదండి. అలా రాయి."

"ఇంగ్లీషులో 'అండి' ఉండదు మావయ్యా."

"మర్యాద ఉంటుందిగా. అది పెట్టు."

ఆట కొన్నామన్న వాళ్ళ మాటలన్నీ జతచేసి పంపాం. జవాబు లేదు. మళ్ళీ పంపాం. ధర కుదిరేదాకా గొంతు దించని మనిషి కదా, ఇక్కడా దించలేదు. గుమ్మంలోంచే "ఏమన్నారు వాళ్ళు?" అనేవారు. వానలు పోయి చలి మొదలయ్యాక వీడియోలు మళ్ళీ కనిపించాయి. మీ వల్ల మా ఆట కొత్త చోట్లకి చేరింది, కానివ్వండి అని రెండు ముక్కలు రాశారు. అది నాచేత ఎన్నిసార్లు చదివించుకున్నారో.

తర్వాత వచ్చిన ఆటలో కొత్త పోటీ ఒకటి పెట్టారు. గాజుసామాన్లు పగలకుండా చేర్చాలి. అది మా వీడియోల్లోంచి పుట్టిందేనని చూసిన ఎవరైనా చెప్తారు. మా ఊసు మాత్రం ఎక్కడా లేదు.

"ప్రచారం ఊరికే చేశాం, ఆలోచన ఊరికే ఇచ్చాం. లాభం మాత్రం వాళ్ళది" అన్నాను.

"బాగుపడనీ. మన కేకకి సరుకు కదిలిందని ఒప్పుకున్నారు, అది చాలు. గానీ గాజుసామాన్లేంటి? గెలలు పెట్టాలి. పెట్టేదాకా వదలొద్దు."

అప్పట్నుంచీ ప్రతి వీడియో చివరా అదే అడిగారు. జబ్బు ముదిరి గొంతు సన్నగిల్లాక మైకు నోటి దగ్గరికి లాక్కుని మరీ అడిగారు.

ఆటలోకి గెలలు ఇంకా రాలేదు. నాకు ఆయనంత గొంతు లేదు. ఉన్న గొంతుతోనే అడుగుతాను. కాదన్న చోటే మళ్ళీ అడగడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను, ఆ రుణం నాకుంది. మీరూ అడగండి.

ఆ సోమవారమే ఆయన్ని వ్యాన్లో ఇంటికి తీసుకొస్తున్నాం. నేను ముందు సీట్లో ఉన్నాను. జొన్నాడ దగ్గర, వంతెన ఎక్కబోయే ముందు పెద్ద గుంత కనబడింది.

"మెల్లిగా బాబూ, వెనకాల గెలలున్నాయి" అనేశాను.

డ్రైవరు నా మొహం చూశాడు. వెనకనుంచి లారీలు హారన్లు కొడుతున్నా, గోదావరి దాటేదాకా అలా మెల్లిగానే పోనిచ్చాడు.