ముంజెయ్యి కదలకూడదు

కాటయ్య ముందర "నీవల్ల కాదు" అన్నవాడికి సుఖం లేదు. కొట్టేవాడు కాదు లెండి. ఆ పని చేసి చూపించి, వాడి ఎదురుగ్గా వక్కాకు నములుతా నిలబడేవాడు. దానికంటే రెండు దెబ్బలు తినడమే నయం. పుట్టింది తొండియార్‌పేట, పని హార్బర్లో మూటలు మొయ్యడం, వయసు ముప్పై రెండు. పొద్దంతా మూటలు మోసినోడికి సాయంత్రం మళ్ళీ ఇనుము ఎత్తే పిచ్చి ఏందయ్యా అని పెండ్లాం కన్నియమ్మ అడగని రోజు లేదు. "మూట పొట్టకోసమే. ఇది నాకోసం" అనేవాడు.

ఆ ఇనుము చూలైలో, కసరత్తు నేర్పే వరదయ్య వాద్యారు తాలింఖానాలో ఉండేది. రేకుల షెడ్డు, ఎర్రమన్ను నేల, రెండు పక్కలా ఇనప చక్రాలు తగిలించిన కడ్డీ, గోడమీద ఆంజనేయస్వామి పటం. పటం కింద నీలి రంగుతో రాసిన ఒకే ఒక్క మాట: "ముంజెయ్యి కదలకూడదు."

అది చేతి వెనక కండకోసం రాసింది. ముందు కండ చొక్కా మడిచి చూపించుకోడానికేరా, చేతికి అసలు బలం వెనక కండది, తొయ్యాలన్నా అదే, మూట పైకెత్తాలన్నా అదే అనేవాడు వాద్యారు. అంతవరకూ నిజమే. దాన్ని పెంచే పద్ధతి ఉంది చూడండీ, అదీ ఘోరం! బల్లమీద వెల్లకిలా పడుకొని, కడ్డీని నుదుటిమీదికి తెచ్చి, ముంజేతులు రెండూ కొయ్యల్లాగా బిగబట్టి, భుజంతో ఒక్క గుంజు గుంజి లేపాల. మోచేతులు ఎటన్నా పోనీ, ముంజెయ్యి మాత్రం కదలకూడదు. ముప్పై ఏండ్లుగా అందరూ అట్లే గుంజినారు. అందరికీ మోచేతుల్లో నొప్పే. వాద్యారు కుడిచెయ్యి ఐతే పూర్తిగా చాపడానికే రాదు, మోచేతి దగ్గర వంగిపోయుండేది. అది పహిల్వాన్ గుర్తు అని శిష్యులు గొప్పలు పోయేవాళ్ళు.

అరవోళ్ళనుంచి ఆంధ్ర విడిపోయిన మరుసటేడు, అరవ లెక్కన ఆడి నెలలో, కాటయ్య కుడి మోచెయ్యి టప్పుమంది. మర్నాడు హార్బర్లో భుజమ్మీది మూట జారి కిందపడింది. మేస్త్రీ అరవాయన, మంచివాడే. మోచేతి కీలుమీద వేలు పెట్టి, "ముళంగై పోచ్చా?" అని అడిగినాడు. ఇంకో రెండు మూటలు జారితే పనిలో పెట్టుకోలేనని కూడా చెప్పినాడు. కట్టుకట్టే ముసలాయన దగ్గరికి పోతే, ఇనుము వదలకపోతే చెయ్యి వంకర తిరిగిపోతాదన్నాడు. వాద్యారు దగ్గరికి పోతే, ఇనుము వదిలితే ఈ గడప తొక్కద్దన్నాడు. వాద్యారు ముద్దుల శిష్యుడు మునిరాజు పక్కనుంచి నవ్వి, "పోనీలే అన్నా, నీవల్ల కాదు" అన్నాడు.

అనకుండా ఉండాల్సింది.

కాటయ్య ఇనుమూ వదల్లేదు, గడపా వదల్లేదు. తన చెయ్యి సంగతి తానే తేల్చుకుంటానని ఇంట్లో మొదలుపెట్టినాడు. ముందు వాద్యారు పద్ధతిలోనే, చేతిలో ఒక ఇటుక పెట్టుకొని గుంజినాడు. ప్రాణం జివ్వుమంది, పక్కన పెట్టేసినాడు. రెండు బల్లల మధ్య చేతులాన్చి ఒళ్ళు కిందికి దించినాడు. లోతుకు దిగితే భుజం పీకింది, సగంలో ఆపితే ఊరుకుంది. సరే, సగమే. దండీలు తీస్తా అరచేతులు దగ్గరికి జరుపుకొని, మోచేతులు పక్కటెముకలకు ఆనించినాడు. ఇది బాగుంది! తర్వాత హార్బర్లో పారేసిన గిలక ఒకటి తెచ్చి ఇంటి వాసానికి కట్టి, తాడుకు ఒక కొసన ఇటుకల గోతాం, ఇంకో కొసన కర్ర తగిలించినాడు. కర్రను రెండు చేతులా పట్టి కిందికి తొయ్యడం, మెల్లగా పైకి వదలడం.

"బావి లేని ఇంటికి గిలక తెచ్చినోడు ఈ వీధిలో నువ్వొక్కడివే" అనింది కన్నియమ్మ. అంటానే గోతాంలో ఇటుకలు సర్దింది.

కండ మండితే సరే, కీలు కలుక్కుమంటే ఆపెయ్యాల. కాటయ్య పెట్టుకున్న లెక్క అంతే. రెండు ఇటుకలతో మొదలుపెట్టి, రెండు నెలలు తిరిగి పురటాసి వచ్చేటప్పటికి ఆరుకు వచ్చినాడు. వెనక కండ తాడు పేనినట్టు లేచింది, మూట జారడం ఆగిపోయింది. కానీ మనసులో ఒక ముల్లు. ఈ పద్ధతిలో మోచెయ్యి మేకు కొట్టినట్టు నిలబడతాది, కదిలేదంతా ముంజెయ్యే. అంటే గోడమీది మాటకు సరిగ్గా అడ్డం. గురువును మోసం చేస్తా ఉండానా అని మథనపడినాడు పాపం.

ఆయుధపూజ వచ్చింది. తాలింఖానాలో ఇనుమంతటికీ పసుపు కుంకుమ పెట్టి పటం ముందర పేర్చినారు. ఆ రోజు ఇనుము ముట్టకూడదు. వాద్యారు కర్పూరం వెలిగించి, ఏటా చెప్పినట్టే, గోడమీది మాటనే, తన గురువు అన్నట్టే అరవంలో చెప్పినాడు: "ముళంగై అసైయక్కూడాదు."

కాటయ్య ఉలిక్కిపడినాడు. పదేండ్లుగా మంత్రంలాగా విన్న మాటే. కానీ ఈసారి మేస్త్రీ వేలు మోచేతి కీలుమీద ఆనినట్టే అనిపించింది.

"వాద్యారే, ముళంగై అంటే ఏంది?"

"ముంజెయ్యి" అన్నాడు వాద్యారు. అని, వంగిపోయిన తన కుడి మోచేతికేసి చూసుకున్నాడు. నెల్లూరుపక్కనుంచి పద్దెనిమిదేండ్లప్పుడు వచ్చినాడాయన. అప్పుడు అరవం ఒక్క ముక్క రాదు. గురువు ముళంగై అంటే, చెవికి దగ్గరగా ఉండే ముంజెయ్యి అనుకున్నాడు. ఈ రోజు అరవంలో బేరమాడతాడు, తిడతాడు, ఆ ఒక్క మాటను మాత్రం మళ్ళీ వినిపించుకోనే లేదు.

"మోచెయ్యి గదా వాద్యారే!"

"గురువుగారి మాట తప్పంటావా?" అని మునిరాజు ఎగిరినాడు.

"గురువు మాట తప్పని ఎవుడన్నాడు? ఆ మాట మనం ఒక్కరోజూ చెయ్యలేదంటా ఉండా!"

"బయటికి పో" అన్నాడు వాద్యారు.

"పోతా. చూపించి పోతా."

"ఇనుము ముట్టితే కాళ్ళు విరగ్గొడతా!"

"ఇనుము పూజలో ఉంది. నా చేతులు పూజలో లేవు గదా" అని కాటయ్య నేలమీద బోర్లా వాలినాడు. రోషంతో మునిరాజు పక్కనే వాలినాడు. ఒకడి మోచేతులు పక్కటెముకలకు అతుక్కొని ఉంటే, ఇంకొకడివి కోడి రెక్కల్లాగా విచ్చుకున్నాయి. ముప్పై దండీలు దాటినాక మునిరాజు మోచెయ్యి పట్టుకొని కూలబడినాడు. కాటయ్య నలభై తీసి, లేచి, పూజ పళ్ళెంలోంచి ఒక తమలపాకు, వక్క తీసి నోట్లో వేసుకొని, వాడి ఎదురుగ్గా నిలబడి నమిలినాడు. నమిలి, పటానికి దండం పెట్టి బయటికి నడిచినాడు. వీధి మలుపు దాటినాక కండ్లు తుడుచుకున్నాడు. ఎంతైనా పదేండ్ల గడప.

మర్నాడు పొద్దున తొండియార్‌పేట సందులో కన్నియమ్మ వాకిలి చిమ్ముతా ఉంటే వరదయ్య వాద్యారు వచ్చి నిలబడినాడు. చూలైనుంచి నడిచే వచ్చినాడు. వేళ్ళకు గోడమీది రాత నీలి రంగు అంటుకొని ఉంది.

"వాడు లేడా అమ్మా?"

కాటయ్య వాసం కింద గిలక దగ్గర ఉన్నాడు. వాద్యారు చొక్కా విప్పి దండేనికి తగిలించినాడు.

"ఒరే, ఈ పొద్దు విజయదశమి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేరే రోజు" అన్నాడు. "నన్ను చేర్చుకో."

కాటయ్య గిలక దగ్గర్నుంచి పక్కకు జరిగినాడు. వాద్యారు వంగిన కుడిచేత్తో కర్ర పట్టుకున్నాడు. కాటయ్య వెనకాల నిలబడి ఆ మోచేతిని పక్కటెముకలకు ఆనించి, కదలకుండా పట్టుకున్నాడు. వాద్యారు తోసినాడు. గిలక కిర్రుమంది. చెయ్యి సగందాకా వచ్చి ఆగిపోయింది. ముప్పై ఏండ్ల నొప్పి ఆయన మొహంలో కనపడింది.

"అంతేరా. ఇంక నావల్ల కాదు."

"ఆ మాట నా ముందర అనద్దు వాద్యారే" అని, కాటయ్య గోతాంలోంచి ఒక ఇటుక తీసి పక్కన పెట్టినాడు. "ఊఁ. మళ్ళీ తొయ్యండి."