దుర్గ ప్లాన్ చేసిన సఫారీ

అమెరికాలోని పార్సిప్పనీ ఊళ్ళో నాలుగు తెలుగు కుటుంబాలు ఏటా కలిసి ఎక్కడికో ఒకచోటికి వెళ్ళేవి. ఎక్కడికి వెళ్ళినా ప్లాన్ చేసేది కనకదుర్గే. ఆమె ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చూస్తుంది. తప్పు ఎక్కడ దొర్లుతుందో ముందే పసిగట్టడం ఆమెకు అలవాటు. అలాస్కాలో వర్షం పడితే ఏం చేయాలి, కాన్‌కూన్‌లో పిల్లలకు పెరుగన్నం ఎక్కడ దొరుకుతుంది, అన్నీ దుర్గనే అడిగేవారు. మిగతావాళ్ళు సూట్‌కేసులు సర్దుకుని వచ్చేసేవారు.

ఆఫ్రికా మాత్రం ఆమె సొంత కోరిక. కూతురు మాయ చిన్నప్పుడు జ్వరంతో పడుకుంటే తల్లీకూతుళ్ళిద్దరూ ల్యాప్‌టాప్‌లో, అక్కడెక్కడో అడవిలో నీటిగుంట దగ్గర పెట్టిన లైవ్ కెమెరా చూసేవారు. ఏనుగులు వచ్చేదాకా ఖాళీ నేలను చూస్తూ కూర్చునేవారు. జ్వరం తగ్గింది గానీ ఆ అలవాటు పోలేదు. మాయ హైస్కూల్లోకి వచ్చాక, ఒకసారి స్నేహితురాలు ప్రణీత ఇంట్లో భోజనాల దగ్గర దుర్గ ఆ మాట బయటపెట్టింది.

"నేషనల్ పార్క్‌లో అయితే కారు రోడ్డు దిగకూడదు. ఒక్క సింహం కనిపిస్తే చాలు, ట్రాఫిక్ జామే. దాన్ని ఆనుకునే ప్రైవేట్ రిజర్వ్‌లు ఉన్నాయి. మధ్యలో కంచె లేదు, జంతువులు అటూ ఇటూ తిరుగుతాయి. అక్కడ జీపు పొదల్లోకి కూడా పోతుంది."

"నువ్వు రమ్మంటే వస్తాం అక్కా. నన్ను పులి తినకుండా చూసుకో, చాలు," అంది ప్రణీత.

"ఆఫ్రికాలో పులులుండవే పిచ్చిదానా," అని దుర్గ పడీ పడీ నవ్వింది.

దక్షిణాఫ్రికాలో అలాంటి రిజర్వ్‌లోనే నాలుగు గదులున్న చిన్న లాడ్జి ఒకటి వెతికి, మొత్తం తమవాళ్ళకే బుక్ చేసింది. ఆ లాడ్జి మేనేజర్ లెరాటో అనే ఆవిడతో నెలల తరబడి ఈమెయిళ్ళు నడిచాయి. శాకాహారులున్నారంటే, ఏం వండాలో నేర్పమని వంటవాడే అడుగుతున్నాడని లెరాటో రాసింది. దుర్గ పప్పుచారు ఎలా కాచాలో వివరంగా రాసి పంపింది. అక్కడికి చిన్న విమానంలో వెళ్ళాలి కాబట్టి గట్టి సూట్‌కేసులు పనికిరావని, మెత్తటి సంచులే కొనాలని ఇంటింటికీ ఫోన్ చేసి చెప్పింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ సంచుల సైజులే చూసుకుంటుంటే భర్త శశికాంత్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"దుర్గా, నేనిక ఇలా ఉండలేను."

వేరే మనిషెవరూ లేరు. పెద్ద గొడవలూ లేవు. మాయ చదువు, ఇంటి రిపేర్లు తప్ప ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదన్నాడు. దుర్గ కాదనలేకపోయింది. కాదనలేకపోవడమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. వేసవికి అతను జెర్సీ సిటీలో అపార్ట్‌మెంట్ తీసుకున్నాడు. చలికాలానికి విడాకులు వచ్చేశాయి.

ఆ తర్వాత నాలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపు మూగబోయింది. ట్రిప్ ఊసే లేదు. బుకింగ్ శశికాంత్ కార్డు మీదే ఉండడంతో దాని సంగతి అతనికే వదిలేసి, రద్దయిపోయిందనే అనుకుంది దుర్గ. తను లేని కొత్త గ్రూపు ఒకటి మొదలైందని ఆమెకు తెలియదు.

మే నెలలో ప్రణీత ఫోన్ చేసింది. ఆఫీసు, ఆరోగ్యం, ఎండలు అన్నీ అయ్యాక అసలు సంగతి వచ్చింది.

"అక్కా, లాడ్జివాళ్ళకి మన ఫుడ్ గురించి నువ్వు రాసిన ఈమెయిల్ ఉంది కదా, కొంచెం ఫార్వర్డ్ చేస్తావా? కన్ఫర్మ్ చేయమంటున్నారు."

"ఎవరు వెళ్తున్నారు?"

"అందరం అక్కా... బావగారు, మాయ కూడా. మాయ చెప్పలేదా?"

మాయ చెప్పలేదు.

"పంపిస్తాలే," అంది దుర్గ. పంపింది కూడా. మలేరియా మాత్రలు ఎప్పటినుంచి వేసుకోవాలో, ఎవరి పిల్లాడికి వేరుశెనగ పడదో కింద రాసింది.

సాయంత్రం మాయ బాస్కెట్‌బాల్ నుంచి రాగానే తల్లి ముఖం చూసి బ్యాగు కింద పడేసింది. "ఐ వాజ్ గోయింగ్ టు టెల్ యూ అమ్మా. నేను వెళ్ళను. డాడ్‌కి చెప్పేస్తా."

"వెళ్ళు," అంది దుర్గ. "ఏనుగుల్ని చూడాలని నీకెంత ఉందో నాకు తెలీదా?"

"నీకూ ఉంది కదా."

దుర్గ కూతురి చెమట పట్టిన తలను ఒళ్ళోకి లాక్కుంది.

పిల్ల తండ్రితో మాత్రమే దేశం దాటుతోంది కాబట్టి తల్లి అనుమతి పత్రం దగ్గరుంటే మంచిదని ఎవరో చెప్పారట. శశికాంత్ బ్యాంకులో నోటరీ దగ్గరికి రమ్మన్నాడు. అక్కడ కూర్చున్న తెల్లావిడ కాగితం చదివి ముచ్చటపడింది. "సఫారీనా! ఎంత అదృష్టం! మీరెందుకు వెళ్ళడం లేదు?" అని దుర్గను ఇంగ్లిష్‌లో అడిగింది. శశికాంత్ తల దించుకున్నాడు. "పని ఉంది," అని దుర్గ సంతకం పెట్టింది.

పార్కింగ్ లాట్‌లో అతను ఆగాడు. "థాంక్స్ దుర్గా. నేను మానేద్దామనే అనుకున్నాను. వాళ్ళే వదల్లేదు."

తనను రమ్మని అలా ఒక్కరూ పట్టుబట్టలేదే అనుకుంది ఆమె. పైకి మాత్రం, "అక్కడిప్పుడు చలికాలం. మాయకి పొద్దున చలి తగలనీకు. ఓపెన్ జీపులో గాలి కోసేస్తుంది," అని కారెక్కింది.

వాళ్ళు వెళ్ళాక మూడోరోజు మాయ వీడియో కాల్ చేసింది. చిరుతను చూశారట. ఏనుగుల మంద జీపు పక్కనుంచే నడిచిపోయిందట, వాటి పొట్టలో గుడగుడ కూడా వినిపించిందట. చెబుతూ చెబుతూ గొంతు తగ్గించింది.

"ఆ మేనేజర్ లేడీ ఫస్ట్ డేనే 'దుర్గ ఎవరు?' అని అడిగింది అమ్మా. నీకు హగ్ ఇవ్వాలని వెయిట్ చేసిందంట. ఎవ్వరూ ఏం అనలేదు. నేనే చెప్పాను, షీజ్ మై మామ్, రాలేదు అని."

"మంచిపని చేశావు," అంది దుర్గ. ఫోన్ పెట్టేశాక వంటింట్లో సింక్ మీదికి వంగి చాలాసేపు ఏడ్చింది.

తిరిగొచ్చిన వారానికి ప్రణీత చెక్క జిరాఫీ బొమ్మ పట్టుకుని వచ్చింది. దుర్గ టీ పెట్టింది. కప్పు చేతికిస్తూ, "నన్నెందుకు అడగలేదు ప్రణీతా?" అంది.

ప్రణీత కప్పు బల్ల మీద పెట్టేసింది. "మీరిద్దరూ ఒకేచోట అంటే ఇబ్బంది కదక్కా. మగవాళ్ళు నలుగురూ ఫ్రెండ్స్. నిన్ను అడిగి, రావద్దని చెప్పలేం కదా. అందుకే అసలు..."

"అడిగితే నేనే రానని చెప్పేదాన్ని," అంది దుర్గ. "ఆ ఒక్క మాట చెప్పే అవకాశమైనా ఇవ్వాల్సింది."

ప్రణీత కళ్ళు తుడుచుకుంది. దుర్గే ఆమెకు టిష్యూ అందించి, గుమ్మందాకా వెళ్ళి సాగనంపింది. ఇప్పుడు ఇండియన్ స్టోర్‌లో ఎదురుపడితే ఇద్దరూ ఆగుతారు, పిల్లల కాలేజీల గురించి మాట్లాడుకుంటారు. ఇంటికి రమ్మని మాత్రం ఇద్దరిలో ఎవరూ అనరు.